పుండు లేని నోరు

కార్సియోలి ఊరు దాటాక, రోమునుంచి వచ్చే వాలేరియా బాట కొండవైపు తిరిగే మలుపులో ఒక మైలురాయి పక్కకి ఒరిగి ఉంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. దాని నీడలో కాసేపు కూలబడదామని వెళితే అక్కడ ఒక ఆడమనిషి కూర్చుని బాట పక్కన రక్తం ఉమ్ముతోంది. ఆమె పక్కన తీగెలతో అల్లిన మూతబుట్ట. గాలి లేదు, ఎవరూ ముట్టుకోలేదు, అయినా బుట్ట కదిలింది.

నేను రాతికి అవతలివైపు కూర్చున్నాను.

"అవి తిని పడుకున్నాయిలే పెద్దాయనా. పక్కకి ఒత్తిగిలుతున్నాయంతే," అందామె. మాట ముద్దగా వచ్చింది. ఎడమ దవడ పొంగి వాపు కంటి కిందిదాకా పాకింది.

"రక్తమేంటమ్మా?"

"పన్ను. కార్సియోలి కమ్మరి పీకాడు. వాడు పీకుతుంటే వాడి పెళ్ళాం నా తల పట్టుకుంది, వాడి మామ కాళ్ళు పట్టుకున్నాడు. ఊడొచ్చేసరికి ఆ ఇంటితో నాకు చుట్టరికం కలిసిపోయింది."

నా వయసువాడికి పంటి బాధ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. మా రొట్టెలో పిండి ఎంతో తిరగలి రాయీ అంతే. ఇటలీలో పుట్టిన ప్రతివాడూ చచ్చేలోపు ఒక తిరగలిని కడుపులో వేసుకుంటాడని మా తాత అనేవాడు. పంటిపోటుకి కప్పని ఉడకబెట్టిన నీళ్ళు పుక్కిలించమని ఒక వైద్యగ్రంథంలో చదివాను. ఆ పన్నే కాల్చేయమని ఇంకొకాయన రాశాడు. రాసినవాళ్ళలో ఒక్కరికీ పన్ను నొప్పి వచ్చి ఉండదని నా అనుమానం. వచ్చినవాడు పుస్తకం తెరవడు, కమ్మరి కొట్టు తలుపు తడతాడు.

పులిసిన ద్రాక్షరసం కలిపిన నీళ్ళ తిత్తి ఆమెకి అందించాను. ఆమె తిత్తిని పైకెత్తి, మూతికి తగలకుండా నోట్లో పోసుకోబోయింది. దవడ సహకరించక సగం మెడ మీద పోయింది.

"మూతి పెట్టి తాగమ్మా."

"నేను మార్సీదాన్ని. నా ఎంగిలి తగిలితే తర్వాత తిత్తి పారేస్తావు."

"ఈ తిత్తి పారేస్తే నాకు ఇంకోటి లేదు. తాగు."

ఆమె నా మొహం చూసింది, వేళాకోళం చేస్తున్నానా అని. తర్వాత మూతి పెట్టి తాగి, పుక్కిలించి, ఎర్రగా ఉమ్మి, "మా ఎంగిలితో పాముకాటు తగ్గుతుందని పొలాలు దాటి వెతుక్కుంటూ వస్తారు. అదే ఎంగిలి గిన్నెకి తగిలితే గిన్నె పగలగొడతారు," అంది. బాధగా కాదు, ఈ ఏడు వానలు ముందొచ్చాయి అన్నట్టు అంది.

ఆమె పేరు వెత్తియా. ఇద్దరిదీ ఆల్బా దారే కావడంతో కలిసి నడిచాం. నేను ఆల్బాలో ఎవరింట్లోనో పాత పుస్తకపు చుట్టలున్నాయని విని పోతున్నాను. ఆమె కోతల కోసం పోతోంది. కోయడానికి కాదు. గోధుమ కోతల్లో పాములు మడిలోంచి మడిలోకి జరుగుతూ ఆఖరి మడిలో పోగవుతాయి. కొడవలి పట్టిన చెయ్యి వాటి మీదే పడుతుంది. అందుకని ఏటా ఆ రోజుల్లో మార్సీ కొండలవాళ్ళు బుట్టలు భుజానేసుకుని పొలాలమ్మట తిరుగుతారు. వాళ్ళు పాములకి పుట్టుకతో చుట్టాలనీ, వాళ్ళ రక్తానికి విషం ఎక్కదనీ, అందుకే కాటు మీద నోరు పెట్టి విషం పీల్చి ఉమ్మేయగలరనీ ఇటలీ అంతా నమ్ముతుంది. చదువుకున్నవాళ్ళు నవ్వుతూ నమ్ముతారు, మిగతావాళ్ళు భయపడుతూ నమ్ముతారు. తేడా అంతే.

నడుస్తూ నడుస్తూ ఆమె తన సంగతులు చెప్పింది. వరసలో కాదు. ఒకసారి పెళ్ళి దగ్గర మొదలుపెట్టి బాల్యంలోకి పోయేది, అక్కణ్ణుంచి ఆ ఏటి ఉల్లిపాయల్లోకి. నేను మాత్రం ఏం తక్కువ? మధ్యలో నేను చూసిన ఊళ్ళన్నీ దూర్చాను.

ఆమె పుట్టింది ఫూకినస్ సరస్సు ఒడ్డున. నడక రాకముందే నీళ్ళపాము తోక పట్టుకుని ఆడిందట. వాళ్ళలో పిల్లకి మొదట ఇచ్చే బొమ్మ అదే. తండ్రి ఆమెకి పాము మెడ ఎక్కడ పట్టాలో నేర్పలేదు, ఎక్కడ పట్టకూడదో నేర్పాడు. "మిగతా ఒళ్ళంతా నీదే, ఆ ఒక్క చోటే దానిది అనేవాడు మా అయ్య." బయటి సంబంధాలు చేసుకోరు. రక్తం పలచబడితే విద్య పోతుందని పెద్దల కట్టుబాటు. మొగుడు మేనత్త కొడుకే. రోములో విరుగుడు మందులు చేసేవాళ్ళకి పాము మాంసం కావాలి, విషానికి విరుగుడు విషజంతువు ఒంట్లోనే ఉంటుందని వాళ్ళ లెక్క. వాళ్ళ కోసం ఆ మొగుడు సముద్రం వైపు చిత్తడినేలల్లోకి పాములు పట్టడానికి పోయి చలిజ్వరంతో తిరిగొచ్చాడు.

"విషం చంపలేదు పెద్దాయనా, దోమలగుంట చంపింది. పాములవాళ్ళని పాము తప్ప మిగతావన్నీ చంపుతాయి."

రోములో ఆ జ్వరానికి గుడి ఉంది. ఆ జ్వరదేవతకి నైవేద్యం పెడితే మన జోలికి రాదని. భయపడ్డ ప్రతిదానికీ గుడి కట్టడం మావాళ్ళ అలవాటు. కాపాడినవాళ్ళకి మాత్రం, చెప్పాను కదా, గిన్నె కూడా ఇవ్వరు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆమె పాములతో తిరగడం కాదు. తిరునాళ్ళలో పాముని మెడకి చుట్టుకుని తిరిగేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళు ముందురోజే దాని చేత మాంసపు ముక్క కరిపించి కోరలు ఖాళీ చేయిస్తారని కూడా తెలుసు. వెత్తియా తిరునాళ్ళకి పోవడం మానేసింది. పొలాలకే పోతుంది. బానిసల్ని సంకెళ్ళేసి పడుకోబెట్టే కొట్టాల్లోకి వైద్యులు దిగరు. ఆమె దిగింది. "చెయ్యి చెయ్యే కదా. భూస్వామి చెయ్యయితే విషం తియ్యగా ఉంటుందా?" అంది.

కొండ ఎక్కి దిగగానే కుడివైపు కోతలు జరుగుతున్న పెద్ద పొలం వచ్చింది. రోములో ఉండే ఏదో పెద్దమనిషిది, ఆయన ఆ మట్టి ఎప్పుడూ తొక్కి ఉండడు. పెత్తనమంతా క్రెస్టా అనే ఆవిడది, ఆవిడా బానిసే. భర్తా ఆవిడా కలిసి చూస్తారు. ఆ రోజు ఆయన ఊళ్ళో లేడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందు తెలిసింది కేక. పొలం మధ్యలోంచి ఒక కేక, తర్వాత చాలా కేకలు, తర్వాత ఎవడో మా బుట్ట చూసి "మార్సీ ఆవిడ, మార్సీ ఆవిడ బాట మీదే ఉంది" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. గిన్నె ఇవ్వనివాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు.

కాటు తిన్నవాడు డామా. సిరియానుంచి వచ్చిన బానిస. మొహంలో నవ్వు అచ్చుపోసినట్టుండే రకం. కోసిన మోపు మీద కూర్చుని కుడి మణికట్టుని ఎడం చేత్తో పట్టుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు చుక్కలు.

"మెత్తగా తగిలితే ఆ మూల కోస్తున్న పిల్ల చెయ్యనుకున్నా," అన్నాడు. పెదాలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

చచ్చిన పాముని ఎవడో కర్రతో తిప్పి చూపించాడు. వెత్తియా దాని పైకి తిరిగిన మూతి ఒక్కసారి చూసి, విషప్పామే అని డామా పక్కన కూర్చుంది. అతని నడికట్టు తీసి మోచేతికి దిగువన కట్టింది. దాని కింద తన వేలు దూరుతోందో లేదో చూసుకుని, "ఇంతకన్నా బిగిస్తే చెయ్యి కుళ్ళుతుంది, వదులైతే మనిషి పోతాడు," అంది, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. కాటు చుట్టూ చిన్న గాటు పెట్టింది. సంచిలోంచి కంచు గిన్నె తీసి, లోపల పీచు వెలిగించి, చేతి మీద బోర్లించింది. మామూలుగా అది చర్మాన్ని పట్టి లోపలి విషాన్ని గుంజుతుంది. కానీ వేళ్ళ సందు గొయ్యిలా ఉండటంతో అంచు అతకలేదు. రెండోసారీ జారింది.

గిన్నె పక్కన పెట్టి ఆమె వంగింది. నోరు కాటు దగ్గరికి వచ్చింది. వచ్చి ఆగింది. మొహం పక్కకి తిప్పి ఉమ్మితే గోధుమ మోళ్ళ మీద ఎర్రగా పడింది.

క్రెస్టా నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. పొడుగాటి మనిషి. ఆమె మాట పొలం ఆ చివరిదాకా వినపడుతుంది. "ఏం ఆగావు? మొదలెట్టు."

"నోట్లో గాయం ఉంది. నేను చెయ్యకూడదు."

"మార్సీదానివి కదా. నీకేమవుతుంది?"

డామా చేతి మీద వాపు అప్పటికే మణికట్టు దాటింది. వెత్తియా దాన్నీ, చుట్టూ ఉన్నవాళ్ళనీ చూసి లేచింది.

"అందరూ ఇటు రండి. నోళ్ళు తెరవండి."

ఇలాంటిది నేను సంతలో కంచరగాడిదల దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. కూలివాళ్ళూ బానిసలూ వరసన నిలబడి నోళ్ళు తెరిచారు. ఆమె సంచిలోంచి చిన్న కంచు అద్దం తీసి ఎండని ఒక్కొక్కరి నోట్లోకి తిప్పింది. చిగుళ్ళు, నాలుక కింద, బుగ్గ లోపల, అన్నీ చూసింది. కోతవాళ్ళకి పని చేస్తూ గడ్డిపరక నమిలే అలవాటు. పరక అంచు కత్తిలాంటిది. ఒకడికి చిగుళ్ళనిండా గీతలే. ఒకామె పచ్చి అత్తిపళ్ళు తిని పాలు తగిలి నాలుక పొక్కించుకుంది. ఒకడి పెదవి పగిలి ఉంటే, ఎవరు కొట్టారని అడగకముందే పక్కవాడు ఆకాశం చూశాడు.

నా వంతు వచ్చింది. ఆమె అద్దం ఎత్తి, వెంటనే దించేసింది.

"ఏం పెద్దాయనా, నోట్లో అందరూ ఇల్లు ఖాళీ చేసి పోయినట్టున్నారే," అన్నాడు పెదవి పగిలినవాడు.

"మిగిలిన ఒకటీ అద్దె కట్టడంలేదు," అన్నాను. చిగుళ్ళు నెత్తురు కారడం నాకు పాత కథ. పక్కకి తప్పుకున్నాను.

మోపు మీంచి డామా సన్నగా అన్నాడు, "అమ్మగారిని చూడండి. ఆవిడ రోజూ దుప్పికొమ్ము కాల్చిన బూడిదతో పళ్ళు తోముకుంటుంది. ఆ పళ్ళని చూసి గాడిదలు సిగ్గుపడతాయని ఈ ఊళ్ళో అందరికీ చెప్పింది నేనే."

ఎవరూ నవ్వలేదు. వెత్తియా క్రెస్టా ముందు నిలబడింది. క్రెస్టా ఇష్టం లేకుండానే నోరు తెరిచింది. అద్దం వెలుగు లోపల చాలాసేపు తిరిగింది.

"నువ్వు చెయ్యగలవు," అంది వెత్తియా.

"నాకు పిచ్చా? నేను మార్సీదాన్నా ఏమన్నానా? విషం నోట్లో పెట్టుకుని వాడికన్నా ముందు నేను పోవాలా?"

అప్పుడు వెత్తియా చేసింది చూసి నాకు మొదట అర్థం కాలేదు. ఆమె తన బొటనవేలు నాలుక చివర తడి చేసుకుని, క్రెస్టా నుదుటికి పూసింది. తమ పాముల దేవత అంగీతియా తల్లి పేరు చెప్పి ఏదో గొణిగింది. "ఇది మా ఎంగిలి. ఈ పొద్దు గడిచేదాకా నువ్వూ మాలోదానివే. ఇక నీకు ఎక్కదు. రా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి వదిలారు. సరిపోయింది, పని జరిగిపోతుంది అనుకున్నాం. క్రెస్టా మాత్రం కదల్లేదు. పెత్తనం చేసి చేసి ఎవడు నిజం చెబుతున్నాడో ఎవడు పని తప్పించుకుంటున్నాడో కళ్ళలో చూసి పట్టే మనిషి ఆమె. వెత్తియా మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి మెల్లగా అడిగింది. ఆమె గొంతు మెల్లగా ఉండటం ఆ పొలంవాళ్ళు అదే మొదటిసారి వినడం అనుకుంటాను.

"నాకు పిల్లలున్నారు. వాణ్ణి చావనివ్వాలని నాకూ లేదు. నిజం చెప్పు. ఈ పూసింది పనిచేస్తుందా?"

వెత్తియా డామా వంక చూసింది. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. తర్వాత సరస్సు వంక చూసింది, వాళ్ళ ఊరు ఉన్నవైపు.

"చెయ్యదు," అంది.

"మరి?"

"అది పని చెయ్యనక్కర్లేదు. విషం కడుపులో పడ్డా ఏమీ కాదు, నోట్లో ఉన్నా ఏమీ కాదు. రక్తంలో కలిస్తేనే అది విషం. నోట్లో పుండు లేకపోతే ఎవరన్నా పీల్చచ్చు. నువ్వూ, వాడూ, ఎవరన్నా. పుండుంటే మార్సీవాళ్ళు కూడా చస్తారు. మా రక్తంలో ఏమీ లేదు."

పెదవి పగిలినవాడు నాలుకతో తన పెదవి తడిమి చూసుకున్నాడు.

క్రెస్టా వెనక్కి తిరిగి, "నూనె తెండి. తాగే నీళ్ళు కూడా," అంది. తర్వాత డామా చెయ్యి తీసుకుని, "ఒరే, నువ్వు బతికితే నా పళ్ళ గురించి ఎక్కడెక్కడ ఏమేం వాగావో అన్నీ నాకు చెప్పాలి," అని వంగింది.

వెత్తియా ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. నూనెతో నోరు తడుపుకోవడం, పీల్చడం, మింగకుండా ఉమ్మడం, మళ్ళీ పుక్కిలించడం, మధ్యలో కట్టుని కాస్త వదిలి మళ్ళీ బిగించడం, అన్నీ చెప్పింది. ఆమె ఒక చెయ్యి కట్టు మీద, ఒక చెయ్యి క్రెస్టా వీపు మీద.

ఆ మధ్యలోనే, పీల్చడానికీ ఉమ్మడానికీ ఉన్న సందుల్లో, ఆమె తన తమ్ముడి సంగతి చెప్పింది. ఎవరూ అడగలేదు. ఒకసారి తలుపు తెరిచాక లోపలున్నదంతా వచ్చేసినట్టు వచ్చింది.

తమ్ముడికి బుగ్గ లోపల పొక్కు ఉండేది. ఎవరో ముసలాడికి కాటు పడితే చిన్నవాడు ఉత్సాహంగా నోరు పెట్టాడు. సాయంత్రానికి మొహం గుమ్మడికాయంత అయి, గొంతు మూసుకుపోయి పోయాడు. మార్సీవాడు విషానికి చచ్చాడంటే ఇక ఒకటే అర్థం. వాడి రక్తం మార్సీ రక్తం కాదు. కాదంటే వాళ్ళమ్మ ఎక్కడో తప్పు చేసిందన్నమాట. అమ్మవారి తోపులో పెద్దలు కూర్చుని అలాగే తేల్చారు.

"పెద్దలకి తెలుసు," అంది వెత్తియా. "పిల్లలకి మూడు పూటలా నోరు కడుక్కోవడం నేర్పుతారు. పొక్కుంటే పనికి పంపరు. అమ్మవారి నియమం అంటారు. ఎందుకని అడిగితే కొడతారు. నేనూ తోపులో ఒట్టు పెట్టాను, బయటివాళ్ళకి చెప్పనని. చెబితే కోతలకి మమ్మల్ని ఎవరు పిలుస్తారు? ఊరంతా ఏం తింటుంది? అందుకని ఊరుకున్నాను. మా అమ్మ ఊరి చివర మేకలతో ఉంటుంది. నూతి దగ్గర ఆమె వస్తే మిగతావాళ్ళు కడవలు తీసుకుని పక్కకి పోతారు."

క్రెస్టా ఉమ్మి, తల ఎత్తి, "ఇంకా?" అంది. కథ గురించి అడిగిందో పని గురించి అడిగిందో తెలియలేదు.

"ఇంకా," అంది వెత్తియా, డామా చెయ్యి చూపించి.

నేను చాలా వైద్యగ్రంథాలు చదివాను. విషం లోపలికి వెళ్ళే దారుల గురించి గ్రీకు పండితులు ఒకరి గడ్డం ఒకరు పీక్కునేంతగా వాదించుకున్నారు. డామా బతకడానికి కారణం క్రెస్టా నోరో, మోచేతి కట్టో, లేక ఆ పాము పొద్దున్నే ఏ ఎలుక మీదో తన విషమంతా ఖర్చు పెట్టేసిందో నేను చెప్పలేను. నేను చూసింది చెబుతాను. వాపు మోచేయి దగ్గరకొచ్చి ఆగింది. పొద్దు వాలుతుండగా అతను రెండుసార్లు వాంతి చేసుకుని, చెమట పట్టి, ఆకలేస్తోందన్నాడు. క్రెస్టాకి ఏమీ కాలేదు. నోరంతా నూనె కంపని తిట్టుకుంది.

కోత ఆగిపోయింది. ఆ రోజుకి మళ్ళీ కొడవలి పట్టమని క్రెస్టా కూడా అనలేదు. పప్పు కుండ చుట్టూ కూర్చున్నారు. భయం దిగాక మనుషులకి నోరు ఎక్కువవుతుంది. అద్దం పట్టుకుని ఒకరి నోళ్ళు ఒకరు చూసుకుంటూ పడి పడి నవ్వారు. పెదవి పగిలినవాడు ఏదో పెద్ద సంగతి కనిపెట్టినవాడిలా, "ఇంకేం, ఏటా ఈ మార్సీవాళ్ళకి జున్నూ గోధుమలూ దండగ. మన క్రెస్టమ్మ ఉండగా," అన్నాడు. ఆ మాట మంచి మనసుతోనే అన్నాడు. అయినా అది వెళ్ళి వెత్తియాకి తగలడం నేను చూశాను.

ఆమె కొంచెం ఎడంగా, తడిగుడ్డ దవడకి అదుముకుని కూర్చుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఆ మొదటి అబద్ధంతోనే పని జరిగిపోయేది," అన్నాను. "నుదుటికి పూశావు కదా. ఇంకోసారి గట్టిగా ప్రమాణం చేసుంటే ఆమె నమ్మేది."

"నమ్మేది."

"మరి?"

ఆమె గుడ్డ తిప్పి చల్లని వైపు పెట్టుకుంది. "ఆవిడ నోరు ఆవిడది పెద్దాయనా. అందులో ఏం పెట్టుకుంటోందో అడిగింది. అడిగాక అబద్ధం ఎలా చెప్పను?" మళ్ళీ తనే, "నా తమ్ముడు అడగలేదు. వాడికి అడగాలని తెలీదు," అంది.

"మీవాళ్ళకి తెలిస్తే?"

"రేపు పొద్దుటికల్లా తెలుస్తుంది. ఈ కోతవాళ్ళు రాత్రికి ఎక్కడ పడుకుంటే అక్కడ చెబుతారు. సంతకి ముందే సరస్సు చుట్టూ తిరిగొస్తుంది. ఇంకొకళ్ళ నోటినుంచి మా తోపుకి చేరకూడదు, నేనే చెప్పాలి."

"ఏం చేస్తారు నిన్ను?"

"ఏమో. అమ్మ పక్కన ఇంకో మేకలకొట్టం వేసుకోమంటారేమో." ఆ మాట అంటుంటే ఆమె ఉబ్బిన దవడ ఒక పక్కకి కదిలింది. నవ్విందనుకుంటాను, నొప్పి వల్ల ఖాయంగా చెప్పలేను. "కానీ మా రక్తంలో ఏమీ లేదన్న మాట అమ్మ చెవిన పడాలి. పెద్దల ముందు పడాలి. నూతి దగ్గర పడాలి."

నేను ఎన్నో దేశాలు తిరిగాను. దండయాత్రల్లో గెలిచినవాళ్ళ ఊరేగింపులు చూశాను. రాళ్ళ మీద చెక్కిన పొగడ్తలు చదివాను. వాటిలో సగం అబద్ధాలు, మిగతా సగం ఎవరో బానిస చెక్కినవి. ఒక ఊరంతటి తిండి ఆధారపడిన మాటని, ఒక బానిస ప్రాణం కోసం, ఇంకొక బానిస అడిగిన పాపానికి, ఎండలో నలుగురి ముందు చెప్పేసిన మనిషిని మాత్రం ఒక్కసారే చూశాను. అప్పుడామె దవడ ఉబ్బి ఉంది, మాట ముద్దగా వస్తోంది. తిత్తి ఇచ్చాను. తాగింది.

కుండ దగ్గర డామా లేచి కూర్చుని, ఎడం చెయ్యి నడుం మీద పెట్టుకుని, క్రెస్టా గొంతుతో "ఒరే, నా పళ్ళ గురించి ఏమేం వాగావు" అనడం మొదలుపెట్టాడు. కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, దాని మీద తనే వంగి పీలుస్తున్నట్టు చేశాడు. జనం నేల మీద దొర్లారు. క్రెస్టా మట్టిగడ్డ తీసి విసిరింది. అది వాడికి తగల్లేదు, పప్పు కుండకి తగిలింది. దాంతో అందరూ ఆమెని తిట్టడం, ఆమె అందరినీ తిట్టడం. ఆ గోలలో క్రెస్టా గరిటె పట్టుకునే ఇటు తిరిగి కేకేసింది, "ఏమమ్మా మార్సీ ఆవిడా, కోతలయ్యేదాకా ఇక్కడే ఉండిపో. నా పక్కన పడుకో. తెలిసిందా?"

నేను పక్కకి చూశాను. తడిగుడ్డ మోపు మీద ఆరేసి ఉంది.

వెత్తియా అప్పటికే పొలం గట్టు దాటింది. ఆల్బా బాట వైపు కాదు. బాటకి అడ్డంగా నడిచి, సరస్సు వైపు దిగే కాలిదారి పట్టింది. బుట్ట బరువుకి ఒక భుజం కిందికి వాలింది. ఒక చెయ్యి దవడ మీద ఉంది. దారి నిటారుగా దిగే చోట ఆగి, పక్కకి వంగి ఉమ్మి, బుట్ట రెండో భుజానికి మార్చుకుని, మళ్ళీ నడిచింది.